రెండు శబ్దాలు, ఒకే గడియారం

రెండు శబ్దాలను కలపడమంటే కంప్యూటరుకు ఒట్టి కూడిక. మైకులోంచి వచ్చిన గొంతు ఒక అంకెల వరుస. గేమ్‌లోంచి వచ్చిన తుపాకీ మోత ఇంకొక అంకెల వరుస. మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది కూడుకుంటూ పోతే వచ్చేదే మనం వినే మిశ్రమం. మూడో తరగతి పిల్లలు చేసే లెక్క. మరి గేమ్ ఆడుతూ వ్యాఖ్యానం చెప్పి రికార్డు చేసుకునేవాళ్ళలో ఇంతమంది ఎందుకు తల పట్టుకుంటారు? ఒకరి వీడియోలో గొంతు పెదవుల వెనక నడుస్తుంది. ఇంకొకరి వీడియోలో బాంబు పేలినప్పుడల్లా మాట మునిగిపోతుంది. మరొకరు గంటసేపు ఆడి, తీరా చూసుకుంటే గేమ్ శబ్దమే పడి ఉండదు.

కూడడం సులువే. ఏ అంకెకు ఏ అంకెను కూడాలో తేల్చడమే కష్టం. గేమ్ శబ్దం ఒక దారిన, తన వేగంతో వస్తుంది. గొంతు వేరే దారిన, వేరే వేగంతో వస్తుంది. రెంటికీ ఒకే గడియారం పెట్టాలి. పెట్టిన తర్వాత కూడా, కలిపినది మళ్ళీ విడదీయాల్సి వస్తే దారి మిగల్చాలి. ఈ రెండు పనులనూ ఎంత శ్రద్ధగా చేయవచ్చో చూడాలంటే ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను దగ్గరగా పరిశీలించాలి. దాన్ని వాడేవాళ్ళు ఎందరో. దాని లోపలి పనితనం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ఓబీఎస్ అంటే ఓపెన్ బ్రాడ్‌కాస్టర్ సాఫ్ట్‌వేర్. 'జిమ్' అని అందరూ పిలిచే హ్యూ బెయిలీ 2012లో దీన్ని విడుదల చేశాడు. ఆ తర్వాత పాత కట్టడాన్ని పక్కనపెట్టి, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడిచేలా మొదటినుంచీ తిరగరాసి స్టూడియో అని పేరు పెట్టారు. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన ఈ మూలకోడ్ జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ తెరిచి ఉంది. అందుకే ఇలాంటి వ్యాసానికి అవకాశం దొరికింది. మూత బిగించిన పెట్టెలోని పనితనాన్ని ఫలితాన్ని బట్టి ఊహించాలి. ఇక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో కోడ్ చదివి తెలుసుకోవచ్చు.

ముందు గేమ్ శబ్దం సంగతి. గొంతుకు మైకు ఉంది. గేమ్‌కు మైకు ఎక్కడ పెట్టాలి? స్పీకరు ముందు పెడితే గది మోత అంతా కలుస్తుంది. గేమ్ శబ్దం పుట్టుకతోనే అంకెలు. అది గాలిలోకి వెళ్ళకముందే, సౌండ్ కార్డుకు చేరే దారిలోనే అందుకోవాలి. పాత రోజుల్లో కొన్ని సౌండ్ కార్డులు 'స్టీరియో మిక్స్' అనే పేరుతో ఈ వెసులుబాటు ఇచ్చేవి. డ్రైవరులో అది లేని కంప్యూటర్లో హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మైకు రంధ్రానికి తీగ వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. 2007లో బజారులోకి వచ్చిన విండోస్ విస్టా ఈ పరిస్థితిని మార్చింది. అందులోని వాసాపి అనే కొత్త ఆడియో వ్యవస్థలో 'లూప్‌బ్యాక్' అనే పద్ధతి ఉంది. స్పీకరుకు వెళ్ళే మిశ్రమానికే ఇంకో నకలు తీసుకోవచ్చు. కార్డు ఏ కంపెనీదన్న ప్రశ్నే లేదు.

లినక్స్‌లో ఈ సౌకర్యం ఇంకా సహజంగా ఉంటుంది. అక్కడి పల్స్ ఆడియో అనే శబ్ద వ్యవస్థలో శబ్దం బయటికి వెళ్ళే ప్రతి దారికీ 'మానిటర్' అనే వినే చెవి తోడుగా పుడుతుంది. మ్యాక్ మాత్రం చాలాకాలం తలుపు మూసుకుని కూర్చుంది. బ్లాక్‌హోల్ వంటి వర్చువల్ సౌండ్ పరికరాలను విడిగా ఎక్కించుకుని, శబ్దాన్ని అటు మళ్ళిస్తే తప్ప గేమ్ చప్పుడు పట్టుబడేది కాదు. 2022లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 13 నుంచి తెరతో పాటు శబ్దాన్నీ పట్టే వీలు వ్యవస్థలోనే వచ్చింది. ఓబీఎస్ దాన్నే వాడుకుంటోంది. మూడు వ్యవస్థలు, మూడు పద్ధతులు. వాడేవాడి ముందు కనిపించేది మాత్రం మిక్సర్‌లో ఒక పట్టీ, దాని పక్కన ఒక మీట.

విండోస్ లూప్‌బ్యాక్‌లో ఒక తిరకాసు ఉంది. ఏ ప్రోగ్రామూ ఏ శబ్దమూ చేయనప్పుడు అది ఏమీ పంపదు. నిశ్శబ్దాన్ని సున్నాలుగా పంపిస్తే ఇబ్బంది లేదు. కానీ అది పూర్తిగా ఆగిపోతుంది. గేమ్‌లో మెనూ తెర వచ్చి సంగీతం ఆగిందనుకోండి. శబ్దంతో పాటు కాలం లెక్క కూడా తెగిపోతుంది. మళ్ళీ మోత మొదలైనప్పుడు అది ఎక్కడ అతకాలో తెలియక గందరగోళం. దీనికి ఓబీఎస్ రచయితలు చేసిన ఉపాయం నాకు చాలా ఇష్టం. శబ్దాన్ని పట్టడానికి కూర్చున్న ప్రోగ్రామే, అదే పరికరం మీద ఒట్టి సున్నాలను తాను వినిపిస్తుంది. ఎవరికీ ఏమీ వినపడదు. కానీ ఎవరో వాయిస్తున్నారనుకుని విండోస్ ప్రవాహాన్ని ఆపదు. గడియారం ఆడుతూనే ఉంటుంది. ఆ ఉపాయం ఎందుకో మూలకోడ్‌లో ఆ చోటనే ఒక వ్యాఖ్యగా రాసి పెట్టారు. రేపు ఎవరో వచ్చి, ఇది అనవసరమని తీసేయకుండా.

మైకు వైపు చిక్కులు వేరే రకం. ఒక మైకు సెకనుకు 44,100 నమూనాలు, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు, ఇస్తుంది, గేమ్ 48,000 ఇస్తుంది. ఒకటి ఒకే చానెల్, ఇంకొకటి రెండు చానెళ్ళు. ఒకటి 16 బిట్ల పూర్ణాంకాలు, మరొకటి 24 బిట్లవి. వీటిని ఉన్నవి ఉన్నట్టు కూడితే అర్థం లేని లెక్క వస్తుంది. ఓబీఎస్ లోపలికి ఏ శబ్దం వచ్చినా ముందు దాన్ని ఒకే అచ్చులో పోస్తారు. మనం సెట్టింగుల్లో ఎంచుకున్న నమూనా వేగానికి మార్చి, ప్రతి నమూనానూ 32 బిట్ల దశాంశ సంఖ్యగా రాసి, చానెళ్ళను వేరువేరు వరుసల్లో పరుస్తారు. మైకును సౌండ్ ఇంటర్‌ఫేస్‌కు తగిలించినవాళ్ళకు గొంతు ఎడమ చెవిలోనే వినపడడం పాత బాధ. దానికి 'మోనోకు కుదించు' అనే చిన్న గడి ఉంది. టిక్కు పెడితే గొంతు నడిమధ్యకు వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, గడియారం. ఓబీఎస్ శబ్దాన్ని 1,024 నమూనాల ముక్కలుగా కలుపుతుంది. సెకనుకు 48,000 నమూనాలైతే ఒక్కో ముక్క సుమారు 21.3 మిల్లీసెకన్లు. మైకు నుంచైనా గేమ్ నుంచైనా లోపలికి వచ్చే ప్రతి చిన్న కట్ట మీదా, అది ఎప్పటిదో నానోసెకన్లలో ముద్ర పడుతుంది. కలిపే చోట చూసేది ఆ ముద్రనే. ముందు వచ్చినది ముందు, వెనక వచ్చినది వెనక అనే లెక్క అక్కడ చెల్లదు. ఏ క్షణానికి చెందిన గొంతు ఆ క్షణపు గేమ్ శబ్దంతోనే కలవాలి.

కానీ కంప్యూటర్లో ఏదీ నిమిషం తప్పకుండా రాదు. మైకు కట్ట ఒకసారి పది మిల్లీసెకన్లు ముందుగా, ఇంకోసారి ఇరవై ఆలస్యంగా వస్తుంది. ప్రతి ముద్రనూ అక్షరాలా నమ్మితే శబ్దంలో చీలికలు పడి చిటపటలు వినపడతాయి. అసలు నమ్మకపోతే గొంతు మెల్లగా జరిగిపోతుంది. ఇక్కడ ఓబీఎస్ పెట్టుకున్న గీత 70 మిల్లీసెకన్లు. వచ్చిన ముద్రకూ, కిందటి కట్ట ముగిసిన చోటుకూ తేడా అంతకన్నా తక్కువైతే దాన్ని వణుకుగా లెక్కేసి, కొత్త కట్టను పాతదాని చివరే అతుకుతుంది. అంతకు మించితే నిజంగానే ఏదో జరిగిందని ఒప్పుకుని, ముద్ర చెప్పిన చోటనే పెడుతుంది. చిన్న తప్పును మన్నించి పెద్ద తప్పును పట్టించుకునే ఈ తీరు రాసినవాళ్ళ అనుభవం చెబుతోంది. పుస్తకం చూసి రాసిన కోడ్‌లో ఇలాంటి అంకె దొరకదు.

ఒక శబ్దం మరీ ఆలస్యంగా వస్తుంటే ఏం చేయాలి? వదిలేసి ముందుకు పోతే గొంతులో ముక్కలు రాలిపోతాయి. ఓబీఎస్ ఆగుతుంది. బంతిలో చివరి విస్తరికి వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద ఎత్తనట్టు, అన్ని శబ్దాలనూ కొంచెం పట్టి ఉంచి, వెనకబడినది చేరాక కలుపుతుంది. అలా ఆగే వ్యవధిని ఒక్కో ముక్క చొప్పున పెంచుకుంటూ పోతుంది. దానికీ హద్దు ఉంది. 45 ముక్కలు, అంటే 960 మిల్లీసెకన్లు. అంతకు మించి ఎవరి కోసమూ ఆగదు. చిత్రానికీ ఇవే కాలముద్రలు ఉంటాయి కనుక, శబ్దం లోపల ఎంత ఆగినా ఫైలులో బొమ్మా మాటా ఒకే చోట పడతాయి.

ఈ గడియారానికి ఒక సూక్ష్మమైన మీట ఉంది. 'పరికరం ఇచ్చిన కాలముద్రలు వాడు' అనే గడి. ఓబీఎస్‌లోకి వచ్చే ప్రతి శబ్దానికీ, బొమ్మకూ 'సోర్సు' అని పేరు. గేమ్ శబ్దాన్ని పట్టే సోర్సులో ఆ గడికి మొదటినుంచే టిక్కు పెట్టి ఉంటుంది. మైకు సోర్సులో ఉండదు. మొదటిసారి గమనించినప్పుడు అజాగ్రత్త అనుకోవచ్చు. ఆలోచిస్తే అందులో తీర్పు కనిపిస్తుంది. స్పీకరు వైపు లెక్క నమ్మదగినది. మైకుల ప్రపంచంలో మంచి డ్రైవరూ ఉంది, తలాతోకా లేని ముద్రలు వేసే డ్రైవరూ ఉంది. అందుకే మైకు విషయంలో కంప్యూటరు సొంత గడియారాన్నే నమ్మారు. ఒకే ఎంపికకు రెండు చోట్ల రెండు వేర్వేరు మొదటి విలువలు ఇవ్వడం, వాడేవాడు ఆ గడి జోలికి ఎన్నడూ పోకపోయినా అతనికి మేలు చేసే పని.

ఇంత చేసినా భౌతికశాస్త్రం ముందు కొంత తలవంచాలి. యూఎస్‌బీ మైకులో కాలం లెక్కపెట్టే స్ఫటికం ఒకటి ఉంటుంది, సౌండ్ కార్డులో ఇంకొకటి. రెండూ 48,000 అని చెప్పుకున్నా సరిగ్గా అంతే కొట్టవు. తేడా పది లక్షలకు 50 వంతులే అనుకుందాం. గంటకు 3,600 సెకన్లు. లెక్క వేస్తే గంట చివర 180 మిల్లీసెకన్లు, అంటే 8,640 నమూనాల తేడా. చూసేవాడికి తెలిసిపోయేంత దూరం. తేడా పేరుకుని 70 మిల్లీసెకన్ల గీత దాటినప్పుడు ఓబీఎస్ శబ్దాన్ని తిరిగి సరైన చోటికి జరుపుతుంది. ఆ క్షణాన చిన్న అతుకు పడవచ్చు. నమూనాల వేగాన్నే రవ్వంత సాగదీసి నునుపుగా సర్దడం ఇంకా గొప్ప పని అయ్యేది. ఈ పనితనంలో నాకు కనిపించిన వెలితి ఇది.

ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండే ఆలస్యానికి మాత్రం చక్కని మందు ఉంది. గేమ్ ఇంకో యంత్రంలో ఆడుతూ క్యాప్చర్ కార్డు ద్వారా బొమ్మ తెచ్చుకునేవాళ్ళకు బొమ్మ ఆలస్యంగా వస్తుంది, గొంతు ముందే వస్తుంది. ప్రతి సోర్సుకూ మిల్లీసెకన్లలో 'సింక్ ఆఫ్‌సెట్' రాసుకోవచ్చు. కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టి, రికార్డు చేసి, అరచేతులు కలిసిన ఫ్రేముకూ చప్పుడుకూ మధ్య దూరం కొలిస్తే ఎంత రాయాలో తెలుస్తుంది. వెనక్కి 20,000 మిల్లీసెకన్ల దాకా నెట్టవచ్చు. ముందుకు మాత్రం 950 దాకానే. ఈ 950ని, ఇందాకటి 960ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒక శబ్దాన్ని ముందుకు జరపాలంటే మిగిలినవన్నీ ఆగాలి. ఆగగలిగిన హద్దు 960. తెర మీది గడిలోని అంకె, లోపలి యంత్రం సత్తాను దాటి మాట ఇవ్వడం లేదు.

ఇక ఆ కూడిక. అంకెలన్నీ దశాంశాలు కావడం వల్ల ఇక్కడ పెద్ద లాభం. గొంతు, పేలుడు కలిసి గరిష్ఠమైన 1ని మధ్యలో దాటినా ఏమీ నష్టం కాదు. చివరి గడప దగ్గర మాత్రం కత్తెర ఉంటుంది. 1 పైనున్నది 1గా, మైనస్ 1 కిందున్నది మైనస్ 1గా కత్తిరిస్తారు. ఆ కత్తెరకు ముందు ఒక వింత వాక్యం ఉంది. ఈ సంఖ్య తనతో తాను సమానమేనా అని అడుగుతుంది. సమానం కాకపోతే దాని బదులు సున్నా పెడుతుంది. తనతో తాను సమానం కాని సంఖ్య ఉంటుందా? కంప్యూటర్ లెక్కల్లో ఉంటుంది. సున్నాను సున్నాతో భాగించడం వంటి అర్థం లేని పనికి వచ్చే ఫలితం అది. ఎక్కడో ఒక చెడ్డ ఫిల్టర్ అలాంటిదాన్ని ఒక్కటి పుట్టిస్తే, దానితో కూడిన ప్రతిదీ చెడిపోతుంది. ఆ ఒక్క పోలిక వల్ల, చెడినది ఎన్‌కోడర్ గడప దాటదు.

ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో కళ్ళకు చెప్పేది మిక్సర్‌లోని రంగుల పట్టీ. మైనస్ 20 డెసిబెళ్ళ దాకా ఆకుపచ్చ, అక్కడినుంచి మైనస్ 9 దాకా పసుపు, ఆపైన ఎరుపు. మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు పసుపులో తిరగాలి. గేమ్ ఆకుపచ్చలో ఉండాలి. ఎరుపు ఎప్పుడో ఒక కేకకు. పట్టీలో వెలుగుతో పాటు నల్లని చిన్న గీత ఒకటి కదులుతుంది. రంగు కొస శిఖరాన్ని చూపిస్తే, ఆ గీత సగటు బిగ్గరతనాన్ని చూపిస్తుంది. గేమ్ శబ్దంలో శిఖరాలు ఎక్కువ, సగటు తక్కువ. సంగీతంలో రెండూ దగ్గరగా ఉంటాయి. ఒకే పట్టీలో రెంటినీ చూడగలిగితే, పేలుళ్ళు భయపెట్టి మీటను మరీ కిందికి లాగించవు.

గొంతును శుభ్రం చేసే ఫిల్టర్లు పైనుంచి కిందికి వరుసగా పనిచేస్తాయి. క్రమం మారితే ఫలితం మారుతుంది. వాటిలో నాయిస్ గేట్ నిర్మాణం చూడండి. మాట లేనప్పుడు మైకును మూసే తలుపు అది. ఒకే గీత పెట్టి, పైన తెరువు కింద మూయి అంటే గొంతు ఆ గీత దగ్గర ఊగినప్పుడల్లా తలుపు టపటప కొట్టుకుంటుంది. అందుకే రెండు గీతలు. మొదటి విలువల ప్రకారం మైనస్ 26 డెసిబెళ్ళు దాటితే తెరుస్తుంది, మైనస్ 32 కిందికి దిగితే తప్ప మూయదు. దిగిన తర్వాత కూడా 200 మిల్లీసెకన్లు ఓపిక పట్టి, 150 మిల్లీసెకన్లలో మెల్లగా మూస్తుంది. ఈ ఓపిక తెలుగుకు మరీ ముఖ్యం. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. 'కొట్టేశాడు', 'వచ్చేసింది' అన్నప్పుడు బలమంతా మధ్యలో పడి, చివరి అచ్చు ఊపిరిలా సన్నబడుతుంది. ఓపికను 50కి తగ్గిస్తే 'డు', 'ది' గాలిలో కలిసిపోతాయి. తెలుగు వ్యాఖ్యాతలు ఆ 200ను తగ్గించకపోవడం మంచిది. కాస్త పెంచినా తప్పులేదు.

సీలింగ్ ఫ్యాన్ లేని గదిలో కూర్చుని ఆడేవాళ్ళు మన దగ్గర ఎందరు? ఆ హోరుకు నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ ఉంది. అందులో రెండు పద్ధతులు, స్పీక్స్, ఆర్ఎన్ నాయిస్. విశేషమేమిటంటే రెంటి వెనకా ఉన్నది ఒకే వ్యక్తి, జాన్-మార్క్ వాలిన్. ఇంటర్నెట్‌లో మాటను మోసే ఓపస్ కోడెక్ వెనకా ఆయన ఉన్నాడు. 2017లో చూపించిన ఆర్ఎన్ నాయిస్‌లో ఆయన నిగ్రహం కనిపిస్తుంది. శబ్దాన్నంతా నాడీజాలానికి (న్యూరల్ నెట్‌వర్క్‌కు) అప్పగించకుండా, 10 మిల్లీసెకన్ల ముక్కను పౌనఃపున్యాల వారీగా 22 పట్టీలుగా విడదీసి, ఏ పట్టీని ఎంత తగ్గించాలన్న నిర్ణయం మాత్రమే దానికి వదిలాడు. మిగిలిందంతా పాత పద్ధతి గణితమే. అందుకే అది గేమ్ నడుస్తున్న కంప్యూటర్లో కూడా చప్పుడు చేయకుండా ఒదిగిపోతుంది. ఓబీఎస్ 2020లో 26వ వెర్షన్‌తో దాన్ని చేర్చుకుంది.

బాంబు పేలినప్పుడు మాట మునిగిపోయే బాధకు కంప్రెసర్‌లో మందు దాగి ఉంది. కంప్రెసర్‌ను అందరూ గొంతుకు పెడతారు. దాన్ని గేమ్ శబ్దానికి పెట్టి, 'సైడ్‌చెయిన్' అనే చోట మైకును ఎంచుకోండి. ఇప్పుడు గేమ్‌ను తగ్గించాలా వద్దా అన్నది గొంతు నిర్ణయిస్తుంది. మొదటి విలువల ప్రకారం గీత మైనస్ 18 డెసిబెళ్ళు, నిష్పత్తి 10కి 1. గొంతు మైనస్ 8కి చేరితే గీత కన్నా 10 ఎక్కువ. అందులో పదోవంతు వదిలి మిగిలిన 9 డెసిబెళ్ళు గేమ్ నుంచి తగ్గుతాయి. మాట ఆగగానే గేమ్ లేస్తుంది. విడిచే వ్యవధి మొదట 60 మిల్లీసెకన్లే ఉంటుంది. మాటకూ మాటకూ మధ్య గేమ్ ఎగిరెగిరి పడుతుంటే దాన్ని కొన్ని వందలకు పెంచుకోవాలి.

ఇప్పటిదాకా కలపడం. ఈ సాఫ్ట్‌వేర్‌లో నేను ఎక్కువ మెచ్చుకునేది కలపకుండా ఉంచే ఏర్పాటును. ఒకే ఫైలులో 6 ట్రాకుల దాకా రాయవచ్చు. ప్రతి శబ్దం ముందూ ఆరు గడులు. మొదటి ట్రాకులో అన్నీ కలిపి, రెండోదానిలో గొంతు ఒక్కటే, మూడోదానిలో గేమ్ ఒక్కటే. తర్వాత ఎడిటింగ్‌లో ఒక దగ్గును తీసేయాలంటే రెండో ట్రాకులో తీసేస్తే చాలు, గేమ్ చెక్కుచెదరదు. ఈ విలువ తెలుగు సినిమావాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సంగీతం, చప్పుళ్ళు ఒక ట్రాకుగా, మాటలు వేరే ట్రాకుగా భద్రపరుస్తారు కాబట్టే మన సినిమా హిందీలోకి, తమిళంలోకి డబ్బింగ్ అవుతోంది. ఎం అండ్ ఈ అనే ఆ సంగీతం, చప్పుళ్ళ ట్రాకు లేకపోతే కత్తి చప్పుడు దగ్గరనుంచీ మళ్ళీ తయారు చేసుకోవాలి. యూట్యూబ్ మొదటి ట్రాకునే వినిపిస్తుంది కనుక కలిపినది అక్కడే ఉండాలని గుర్తుంచుకోవాలి.

విడదీయడంలో తర్వాతి మెట్టు 2022లో వచ్చింది. 28వ వెర్షన్‌లో, విండోస్ కొత్తగా ఇచ్చిన వెసులుబాటును అందుకుని, ఒక్కో ప్రోగ్రాము శబ్దాన్ని విడిగా పట్టే సోర్సును చేర్చారు. అంతకుముందు గేమ్, స్నేహితుల వాయిస్ చాట్, వెనక నడిచే పాట అన్నీ ఒకే డెస్క్‌టాప్ శబ్దం. ఇప్పుడు గేమ్ మూడో ట్రాకు, చాట్ నాలుగో ట్రాకు. పాటను హెడ్‌ఫోన్స్‌లో వింటూనే రికార్డింగ్‌లోకి రానీయకుండా ఆపవచ్చు. కాపీరైటు గొడవలకు భయపడేవాళ్ళకు ఇదొక్కటీ చాలు.

ఫైలు రాసే తీరులోనూ ముందుచూపు ఉంది. ఎంపీ4 ఫైలుకు విషయసూచిక చివర్లో రాస్తారు. ఆ చివర రాకముందే కరెంటు పోతే గంట రికార్డింగ్ తెరుచుకోదు. అందుకే ఓబీఎస్ చాలాకాలం ఎంకేవీనే ముందు పెట్టింది. అది మధ్యలో తెగినా అప్పటిదాకా రాసినది బతుకుతుంది. రికార్డింగ్ అయ్యాక నాణ్యత తగ్గకుండా ఎంపీ4గా మార్చే ఏర్పాటు మెనూలోనే ఉంది. తర్వాత 2024లో రెండు గుణాలూ కలిసిన కొత్త రకం ఎంపీ4ను కూడా తెచ్చారు.

లోపాలు లేకపోలేదు. కొత్త సోర్సు చేర్చగానే ఆరు గడుల్లోనూ టిక్కులు పడి ఉంటాయి. తెలియనివాళ్ళు ఆరు ట్రాకులు రాసుకుని, ఆరింటిలోనూ అదే మిశ్రమం విని నివ్వెరపోతారు. డెస్క్‌టాప్ శబ్దాన్ని ఆపకుండా గేమ్‌ను విడిగా కూడా పడితే, అదే శబ్దం రెండుసార్లు కలిసి డొల్లగా మోగుతుంది. దీని గురించి హెచ్చరించే గట్టి గొంతు తెర మీద లేదు. ఒక మైకుకు ఏ ఫిల్టర్లు కావాలో సూచించే సాయం కూడా లేదు. పనిముట్లన్నీ బల్ల మీద పరిచి, నేర్చుకుని వాడుకోమంటుంది. స్పీకర్లలో గేమ్ పెట్టి ఆడేవాళ్ళకు ఏ ట్రాకూ సాయం చేయలేదు. మైకులోకే గేమ్ దూరిపోతుంది. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఒక నిమిషం రికార్డు చేసి రెండు పరీక్షలు పెట్టుకోవాలి. మొదటిది, ఫైలును ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి గేమ్ ట్రాకును, అన్నీ కలిపిన మొదటి ట్రాకును మూసేయండి. గొంతు ఒక్కటే శుభ్రంగా వినపడితే మీ ఏర్పాటు సరిగ్గా ఉన్నట్టే. రెండోది, హెల్ప్ మెనూలోంచి లాగ్ ఫైలు తెరవండి. ఏ శబ్దం కోసమైనా ఆగాల్సి వచ్చి ఉంటే, ఎన్ని మిల్లీసెకన్లు ఆగిందో, మొత్తం ఎంత అయిందో, ఏ సోర్సు వల్లనో పేరుతో సహా అందులో ఒక వాక్యం ఉంటుంది. మైకును మార్చాలా, డ్రైవరును మార్చాలా, తీగను మార్చాలా అన్నది ఆ పేరును పట్టుకుని తేల్చుకోవచ్చు. ఎక్కడ తడబడిందో తనంతట తానే రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లు తక్కువ. అది రాసింది కాబట్టే మిగతా అంతా సరిగ్గా జరిగిందన్న మాటను నేను నమ్ముతున్నాను.